వీసా చేతికొచ్చాక



పామూరులో ఈ స్మారకోపన్యాసాన్ని శిష్యులు ఏటా ఎవరి పేరిట నిలబెడుతున్నారో, ఆ మాస్టారు హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పేవారని మీకు తెలుసు. హక్కుల పాఠం వచ్చినప్పుడు పుస్తకం మూసి ఒకటే అడిగేవారు: "ఈ హక్కు ఎవరు అడిగితే వచ్చిందిరా?" ఓటు కానివ్వండి, ఎనిమిది గంటల పని కానివ్వండి, బడిలో అందరూ ఒకే బల్లమీద కూర్చోవడం కానివ్వండి, ఏదీ ఊరికే రాలేదనీ, అడిగిన మనిషి ఎవరో తెలిసేదాకా పాఠం అయిపోనట్టేననీ ఆయన పట్టుదల. నేను ఈరోజు ఎంచుకున్న విషయం అమెరికా వలస చట్టం. దానికీ ఆ ప్రశ్నే వేసి చూద్దామని వచ్చాను.

పామూరులో అమెరికా చట్టమేమిటని నవ్వుకునేవాళ్లు ఉండొచ్చు. మన పాత ప్రకాశం జిల్లా పడమటి భాగంలో మనిషి ఊరు విడిచి పోవడం ఈనాటిది కాదు. వాన ముఖం చాటేసిన ఏడాది, బోరు ఎండిన ఏడాది, మేస్త్రీ వెంట హైదరాబాదుకో బెంగళూరుకో కుటుంబాలకు కుటుంబాలే కదిలిపోతాయి. ఇప్పుడు అదే వీధిలో ఇంకో ఇంటి పిల్లవాడు అమెరికా కాలేజీ ఇచ్చిన ఐ-20 కాగితం పట్టుకుని డాలస్ వెళుతున్నాడు. వాడి వెనక బ్యాంకు విద్యారుణం ఉంది, తాకట్టులో పొలం ఉంది. మేస్త్రీ కూలి ఎగ్గొడితే పదిమంది కలిసి వాడి ఇంటిముందు కూర్చుంటారు. రెండు రోజులకో నాలుగు రోజులకో ఎంతో కొంత రాబట్టుకుని లేస్తారు. డాలస్‌లో కన్సల్టెన్సీ మూడు నెలల జీతం ఎగ్గొడితే మాత్రం పిల్లవాడు కన్నతల్లికి కూడా చెప్పడు. చదువు పెరిగినకొద్దీ, జీతం పెరిగినకొద్దీ మనవాళ్ల నోరు ఎందుకు పడిపోతోంది? నన్ను పట్టి కుదిపే సంగతి ఇదే. ఇది అమెరికా చేసిన పని మాత్రమే కాదని నా అభిప్రాయం.

తెలుగువాళ్ల అమెరికా కథ అనగానే కంప్యూటర్లతో మొదలుపెట్టడం అలవాటు. అంతకు చాలా ముందు, 1922 అక్టోబరులో, యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్‌లో దిగారు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో వైద్యం చదివిన మనిషి. మామగారు కూడగట్టిన డబ్బు, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి చేస్తామన్న సాయం, ఇవే ఆధారం. ఆ సత్యలింగ నాయకర్ రంగూన్ రేవులో ఓడల సరుకు ఎగుమతి దిగుమతి పనుల్లో గడించినవాడు. ఒక వలసవాడి సంపాదన ఇంకో వలసవాణ్ని సముద్రం దాటించిందన్నమాట. ఇదీ ఒక స్మారక నిధి సభే కాబట్టి ఆ మాట చెప్పకుండా ఉండలేకపోయాను.

సుబ్బారావుగారు దిగిన నాలుగు నెలలకు, 1923 ఫిబ్రవరి 19న, అమెరికా సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. భగత్‌సింగ్ థింద్ అనే పంజాబీ మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. నాకు పౌరసత్వం ఇవ్వండన్నాడు. అప్పటి చట్టం ప్రకారం పౌరసత్వం తెల్లవాళ్లకూ, ఆఫ్రికా సంతతివాళ్లకూ మాత్రమే. జాతి శాస్త్రాల ప్రకారం ఉత్తర భారతీయులు కాకేసియన్లే కదా అని థింద్ వాదన. శాస్త్రం ఏమన్నా సరే, మామూలు మనిషి కంటికి ఇతను తెల్లవాడు కాదంది కోర్టు, ఏకగ్రీవంగా. థింద్ వేసిన వాదన నాకు నచ్చదు. నన్ను తెల్లవాడిగా లెక్కేయండి అన్నాడే గానీ, తెల్లవాడు కాకపోతే మాత్రం ఏమిటని అడగలేదు. ఆ తీర్పు తర్వాత అంతకుముందే పౌరసత్వం పొందిన భారతీయుల కాగితాలు కూడా ప్రభుత్వం రద్దు చేయబోయింది. వైష్ణోదాస్ బాగాయ్ అనే వ్యాపారి ఇల్లూ దుకాణమూ పౌరసత్వమూ పోయి 1928లో ప్రాణం తీసుకున్నాడు. సఖారామ్ గణేశ్ పండిట్ అనే వకీలు ఎదురు తిరిగి తన కేసు తనే నడిపి గెలిచాడు. ఆ గెలుపుతోనే మిగతావాళ్ల మీద రద్దు కేసులు ఆగాయి.

సుబ్బారావుగారు అమెరికాలో బతికిన 26 ఏళ్లలో ఎక్కువకాలం ఈ చట్టం నీడలోనే. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేస్తూ హార్వర్డ్‌లో చదువుకున్నారు. ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి రక్తంలో భాస్వరం కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1940లో లెడర్లీ కంపెనీకి మారి పరిశోధన విభాగాన్ని నడిపించారు. ఫోలిక్ యాసిడ్, క్యాన్సర్‌కు మెథోట్రెక్సేట్ వంశం మందులు, బోదకాలుకు హెట్రజాన్, ఆరియోమైసిన్, అన్నీ ఆ బృందం చేతిమీదుగా వచ్చినవే. ఇంత చేసినా ఆయన అమెరికా పౌరుడు కాలేదు, గ్రీన్ కార్డు కూడా లేదు. 1946 జూలైలో లూస్-సెల్లర్ చట్టం వచ్చి భారతీయులకు పౌరసత్వం తలుపు కాస్త తెరిచింది. కొత్తగా వలస వచ్చేవాళ్లు మాత్రం దేశం మొత్తానికి కలిపి ఏడాదికి 100 మంది. రెండేళ్లకు, 1948 ఆగస్టులో, ఆయన పోయారు.

ప్రతిభ ఉంటే కాగితాలు వాటంతటవే వస్తాయి అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకు సుబ్బారావుగారి కథ ఒక్కటి చాలు. ఇక 1946 చట్టం అడిగిందెవరు? న్యూయార్క్‌లో బట్టల వ్యాపారం చేసుకునే జె.జె. సింగ్, ఆయన నడిపిన ఇండియా లీగ్. అమెరికా కాంగ్రెసు సభ్యుల గదుల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగి సాధించారు.

1965 అక్టోబరు 3న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ స్వేచ్ఛా విగ్రహం పాదాల దగ్గర సంతకం పెట్టిన వలస చట్టం మన డాక్టర్లను తీసుకెళ్లింది. గుంటూరు, విశాఖ, కర్నూలు, హైదరాబాదు వైద్య కళాశాలల నుంచి వరసలు వరసలుగా వెళ్లారు. 1977లో అక్కడి తెలుగువాళ్ల సంఘం తానా పుట్టింది, డాక్టర్ కాకర్ల సుబ్బారావు తొలి అధ్యక్షులు. ఆ తరం బాగా బతికింది. కానీ ఆ చట్టం ఎప్పుడొచ్చిందో గమనించండి. 1964లో పౌరహక్కుల చట్టం, 1965 ఆగస్టులో ఓటుహక్కు చట్టం, అక్టోబరులో ఇది. మనిషిని పుట్టుకను బట్టి వేరు చేయకూడదని అలబామా వీధుల్లో నల్లజాతివాళ్లు లాఠీ దెబ్బలు తిన్నాక, దేశాన్ని బట్టి వేరు చేసే పాత కోటా కూడా నిలబడలేకపోయింది. మన డాక్టర్లు ఎక్కిన విమానానికి దారి వేసింది వాళ్లు. వెళ్లాక మనవాళ్లలో ఎంతమంది ఆ మాట తలుచుకున్నారంటే, నేను మొహమాటపడి ఊరుకుంటాను.

ఇక ఇప్పటి చిక్కుముడి. 1990 చట్టం ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి సుమారు 1,40,000 అంది. ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం మించకూడదంది. లెక్క వేస్తే 9,800. ఐస్‌లాండుకూ అదే హద్దు, ఇండియాకూ అదే హద్దు. పైగా ఈ కార్డుల్లో భార్యా పిల్లలూ లెక్కే. నలుగురున్న ఇల్లు నాలుగు కార్డులు తింటుంది. వేరే దేశాలవాళ్లు వాడుకోనివి అప్పుడప్పుడు మనవైపు దొర్లుతాయి, అది వేరే సంగతి. అదే చట్టం హెచ్-1బి తాత్కాలిక వీసాలకు 65,000 హద్దు పెట్టింది. తర్వాత 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీ తప్పుతాయన్న వై2కె భయం పట్టుకుంది. 1998లో ఆ హద్దును 1,15,000కు పెంచారు, 2000లో మూడేళ్లపాటు 1,95,000 చేశారు. లోపలికి వచ్చే ద్వారం వెడల్పయింది, స్థిరపడే ద్వారం అలాగే ఉంది. 2025 అక్టోబరు వీసా బులెటిన్‌లో పై చదువులవాళ్ల వర్గమైన ఈబీ-2లో భారతీయుల వంతు 2013 దగ్గర ఆగి ఉండింది. పన్నెండేళ్ల కిందట దరఖాస్తు పెట్టినవాడి పేరు అప్పుడు పిలిచారు. దరఖాస్తు పెట్టిన రోజు పుట్టిన పాప అప్పటికి ఏడో తరగతి. వరసలో వెనకున్నవాళ్ల పిల్లలు 21 నిండగానే అమ్మానాన్నల దరఖాస్తు నీడ నుంచి బయటపడతారు. ఊహ తెలిసిన దేశంలోనే మళ్లీ విద్యార్థి వీసా వెతుక్కోవాలి.

ఈ గ్రీన్ కార్డు దరఖాస్తు సాధారణంగా యజమాని పెట్టాలి. వరస ఇంత పొడవైతే మనిషి యజమాని చేతికింద అన్నేళ్లూ ఒదిగి ఉండాలి. ప్రాజెక్టు లేక బెంచ్ మీద ఉన్నప్పుడు జీతం ఆపినా, రెజ్యూమెలో లేని అనుభవం రాయమన్నా, జీతంలో కోత వేసినా తలూపుతారు. షియాంగ్ బియావో అనే చైనా మానవశాస్త్రవేత్త మన తెలుగు ఐటీ కుర్రాళ్ల మీద హైదరాబాదులోనూ సిడ్నీలోనూ పరిశోధన చేసి, 2007లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ ప్రచురణగా ఒక పుస్తకం తెచ్చాడు. కోస్తా పొలాల మిగులు, అమ్మాయి తండ్రి ఇచ్చే కట్నం, కోచింగ్ సెంటరు ఫీజు, కన్సల్టెన్సీ కమీషన్, ఇవన్నీ ఒకే గొలుసని చూపించాడు. మన కట్నం డబ్బు అమెరికా కంపెనీకి చౌకగా పనివాణ్ని ఎలా తయారుచేసి పెడుతోందో మనకు చెప్పడానికి చైనా నుంచి మనిషి రావాల్సి వచ్చింది. గొలుసులో మొదటి లంకె మన ఇళ్లలోనే ఉంది కనుక, పిల్లవాడి నోరు పడిపోవడంలో మన వంతూ ఉంది. "వాళ్లబ్బాయి ఇల్లు కొన్నాడట" అనే మాట ఫోనులో విన్న కుర్రాడు తన జీతం ఆగిందని ఏ మొహం పెట్టుకుని చెబుతాడు?

ఇప్పుడు చెప్పబోయేది కష్టమైన కథ, కానీ ఇది వదిలేసి తెలుగువాళ్ల వలస హక్కుల గురించి మాట్లాడటం దొంగతనం అవుతుంది. అప్పటి కృష్ణా జిల్లా మైలవరం దగ్గర వెల్వడం నుంచి వెళ్లిన లకిరెడ్డి బాలిరెడ్డి కాలిఫోర్నియా బర్కిలీలో వెయ్యికి పైగా అద్దె ఇళ్లకు యజమాని అయ్యాడు. ఊళ్లో బడి కట్టించాడు, కాలేజీ కట్టించాడు, దాత అని పేరు. 1999 నవంబరు 24న ఆయన అపార్ట్‌మెంటులో హీటరు పొగగొట్టం మూసుకుపోయి, విషవాయువుతో వెల్వడం నుంచి తెచ్చిన ఒక బాలిక చనిపోయింది. ఆయన మనుషులు అక్కడున్న ఆడపిల్లలను వ్యానులోకి ఎక్కించే తీరు చూసి, దారినపోయే ఒక మహిళ అనుమానించి పోలీసులకు కబురు వెళ్లేలా చేసింది. తర్వాత బర్కిలీ హైస్కూలు పత్రికలో పనిచేసే ఇద్దరు విద్యార్థినులు, ఈ పిల్లలు బడికెందుకు రాలేదు అని ఆరా తీసి రాశారు. పెద్ద పత్రికలు పట్టించుకోనిది బడి పత్రిక పట్టుకుంది.

బయటపడ్డది ఇది: వెల్వడంలోని పేద, దళిత కుటుంబాల నుంచి ఆడపిల్లలను అబద్ధపు చుట్టరికాలతో, దొంగ వీసాలతో తెచ్చి, పనిలోనూ లైంగికంగానూ వాడుకున్నారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులమని చూపించే హెచ్-1బి వీసాలు కూడా ఆ మోసంలో ఉన్నాయి. 2001లో ఆయన నేరం ఒప్పుకున్నాడు. 97 నెలల జైలు, బాధితులకు 20 లక్షల డాలర్ల పరిహారం. ఆ రోజుల్లో కాలిఫోర్నియాలో దక్షిణాసియా సంఘాలూ స్త్రీల సంఘాలూ ఆయన హోటల్ ముందు నిలబడి నినాదాలు ఇచ్చాయి. మన పెద్దమనుషుల్లో మాత్రం, ఇది బయట పడితే తెలుగువాళ్ల పరువు పోతుంది అన్న గొంతే ఎక్కువ వినిపించింది. ఎవరి పరువు? చనిపోయిన పిల్ల కూడా తెలుగుపిల్లే కదా. వలసవాడి హక్కుల గురించి మాట్లాడేటప్పుడు, వాణ్ని నలిపేవాడు ఎప్పుడూ తెల్లవాడే అయి ఉంటాడని అనుకోకండి.

2000 అక్టోబరులో అమెరికా మనుషుల అక్రమ రవాణా మీద ఒక చట్టం చేసింది. బలవంతపు చాకిరీకి గురైనవాడు నోరు విప్పితే వెళ్లగొట్టకుండా ఉండేందుకు టి-వీసా అనేది అందులో పెట్టారు. కాగితం లేనివాడు ఫిర్యాదు చేస్తే మొదట వాడినే పట్టుకుంటారన్న భయం ఉన్నంతకాలం ఏ చట్టమూ పనిచేయదని అప్పటికి అర్థమైంది. ఆ చట్టాన్ని నిజంగా పరీక్షకు పెట్టింది ఎవరో తెలుసా? వెల్డర్లు, పైపు ఫిట్టర్లు. 2005లో కత్రినా తుఫాను వచ్చాక మిసిసిపీ తీరంలోని పాస్కగూలాలో సిగ్నల్ ఇంటర్నేషనల్ అనే ఓడల కంపెనీ సుమారు 500 మంది భారతీయులను తాత్కాలిక కూలీలకిచ్చే హెచ్-2బి వీసాల మీద తెప్పించింది. గ్రీన్ కార్డు ఇప్పిస్తామని ఏజెంట్లు ఒక్కొక్కరి దగ్గర పదివేల నుంచి ఇరవైవేల డాలర్లు గుంజారు. తీరా వెళ్లాక ఒక్కో ట్రెయిలర్‌లో 24 మంది, దానికి జీతంలోంచి నెలకు 1,050 డాలర్ల కోత. 2008 మార్చిలో వాళ్లు పనిచాలించి బయటికి వచ్చి, తలమీది హెల్మెట్లు కంపెనీ గేటు ముందు విసిరికొట్టారు. న్యూ ఓర్లీన్స్ నుంచి వాషింగ్టన్ దాకా యాత్ర చేశారు, అక్కడ నిరాహారదీక్షకు కూర్చున్నారు. మేం అక్రమ రవాణాకు గురైనవాళ్లం, మమ్మల్ని విచారించండి అని వాళ్లే వెళ్లి చెప్పారు. 2015లో న్యాయస్థానం జ్యూరీ ఐదుగురికి కలిపి 1 కోటి 40 లక్షల డాలర్లు ఇమ్మంది. కంపెనీ దివాలా తీసింది. ఆ పనివాళ్లు పెద్ద చదువులవాళ్లు కారు. మన మేస్త్రీ ఇంటిముందు కూర్చునే కూలీల్లాంటివాళ్లే. ఎంఎస్ పట్టాలవాళ్లు చేయలేని పని చేశారు.

పట్టాలవాళ్లు బొత్తిగా ఏమీ చేయలేదంటే అన్యాయం. 2007 జూన్‌లో ప్రభుత్వం వరస తీసేసి, జూలైలో అందరూ గ్రీన్ కార్డుకు చివరి దరఖాస్తు పెట్టుకోవచ్చంది. వేలమంది వైద్య పరీక్షలు చేయించుకుని, పెళ్లాం పిల్లలను ఇండియా నుంచి రప్పించుకుని సిద్ధమయ్యారు. జూలై 2న, లేదు, కార్డులు అయిపోయాయి అన్నారు. అప్పుడు ఇమ్మిగ్రేషన్ వాయిస్ అనే సంఘంవాళ్లు ఇమ్మిగ్రేషన్ శాఖ అధిపతికి వందల పూలగుత్తులు పంపించారు. మున్నాభాయి సినిమాలోని గాంధీగిరి అది. ఆయన వాటిని గాయపడ్డ సైనికుల ఆసుపత్రికి పంపించాడు. శాన్ హోసేలో ఊరేగింపు తీశారు, కోర్టుకూ వెళతామన్నారు. జూలై 17న ప్రభుత్వం దిగివచ్చి దరఖాస్తులు తీసుకుంది. అదే నెలాఖరులో ఆ సినిమా తెలుగు రూపం, చిరంజీవి శంకర్‌దాదా జిందాబాద్, మన హాళ్లలోకి వచ్చింది. ఆ తర్వాత ఏడు శాతం హద్దు తీసేయాలనే బిల్లు 2019 జూలైలో ప్రతినిధుల సభలో 365–65తో నెగ్గింది. సెనేట్ 2020 డిసెంబరులో వేరే రూపంలో ఆమోదించింది. రెండూ ఒకటి కాక చచ్చిపోయింది.

ఆ బిల్లు మీద నాకో పేచీ ఉంది. మొత్తం కార్డులు పెంచమని కాకుండా ఉన్న లక్షా నలభైవేలనే మాకు ఎక్కువ పంచమని అడిగితే, పక్క దేశాలవాళ్లు, ముఖ్యంగా నర్సులుగా వెళ్లడానికి ఎదురుచూసే ఫిలిప్పీన్స్‌వాళ్లు ఎందుకు కలిసివస్తారు? సరిహద్దు దాటి వచ్చిన మెక్సికో కూలీల ఊరేగింపుల్లో మనవాళ్లు పెద్దగా కనిపించలేదు. మేం లీగల్, వాళ్లు ఇల్లీగల్ అని వేరుపడి నిలబడ్డాం.

ఈ లీగల్ అన్న గర్వం ఎంతసేపు నిలుస్తుందో 2011 జనవరి చెప్పింది. కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ అనే బోగస్ సంస్థ మీద దాడి చేస్తే, పదిహేనువందల మంది విద్యార్థుల్లో అత్యధికులు భారతీయులు, వాళ్లలో ఎక్కువమంది మన ఆంధ్రప్రదేశ్ పిల్లలు. వందల మంది చిరునామా ఒకే అపార్ట్‌మెంటు. కొందరి కాలికి రేడియో పట్టీలు కట్టారు. నడిపినామెకు 16 ఏళ్లకు పైగా శిక్ష పడింది. ఎనిమిదేళ్లకు మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ. ఈసారి బోగస్ సంస్థను నడిపింది ప్రభుత్వమే. పాఠాల్లేవు, పంతుళ్లు లేరు, సిబ్బంది అంతా వేషం వేసుకున్న ఇమ్మిగ్రేషన్ పోలీసులు. ప్రభుత్వ ఆమోదం పొందిన కాలేజీల జాబితాలో దాని పేరు మాత్రం ఉంది. చేరిన ఆరువందల మందిలో మెజారిటీ తెలుగువాళ్లు. 2019 జనవరిలో పట్టుకోవడం మొదలైంది. పిల్లలను చేర్పించినందుకు ఎనిమిది మంది మీద కేసులు పెట్టారు, వాళ్లూ మనవాళ్లే.

తెలుగు సంఘాలు లాయర్లను పెట్టి సాయం చేశాయి, ఆ మాట చెప్పాలి. అయినా మన ఇళ్లలో ఎక్కువగా వినిపించింది, క్లాసు లేదని తెలిసే చేరారు కదా, తప్పు వాళ్లదే అని. కొందరికి తెలుసు, నిజమే. కానీ ఏడాదికి 12,000 డాలర్ల దాకా ఫీజు కట్టించుకున్నాక, చదువు చెప్పకపోతే ఆ డబ్బెవరిది? ఒక తెలుగు కుర్రాడు ఆ ప్రశ్ననే కోర్టులో వేశాడు. కింది కోర్టు కొట్టేసింది. 2024 జూన్‌లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు, ప్రభుత్వంతో చేసుకున్నా ఒప్పందం ఒప్పందమే, దావా నడవాల్సిందేనంది. మనవాడు ఒకడు అడిగిన సందర్భం ఇది. పత్రికల్లో అరెస్టుకు వచ్చినన్ని అక్షరాలు ఈ తీర్పుకు రాలేదు.

2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేతా పట్టణంలో కూచిభొట్ల శ్రీనివాస్‌ను, నా దేశం నుంచి పొమ్మని అరుస్తూ ఒకడు కాల్చి చంపాడు. మేడసాని అలోక్ గాయపడి బతికాడు, అడ్డుపడ్డ ఇయాన్ గ్రిలట్ అనే అమెరికన్ కుర్రాడికీ తూటా తగిలింది. హంతకుడికి యావజ్జీవం పడింది. ఆ వార్తల్లో చాలామంది గమనించని సంగతి, భర్త చనిపోయిన క్షణంలోనే దుమాల సునయన అమెరికాలో ఉండే హక్కు కూడా పోయిందన్నది. ఆమె కాగితం ఆయన కాగితానికి అంటుకుని ఉంది. అంత్యక్రియలకు హైదరాబాదు వస్తే తిరిగి వెళ్లే దారి లేదు. కాంగ్రెసు సభ్యుడు కెవిన్ యోడర్ పూనుకుంటే గానీ తాత్కాలిక వీసా దొరకలేదు. హెచ్-1బి ఉద్యోగుల భార్యలకిచ్చే హెచ్-4 వీసా మీద ఉన్న మన ఆడపిల్లల పరిస్థితి ఇది. 2015 మే దాకా వాళ్లు ఒక్క డాలరు సంపాదించడానికి వీల్లేదు. భర్త కొట్టినా వదిలి వెళ్లడానికి కాగితం లేదు. ఆ భార్యలే ఉత్తరాలు రాసి, సెనేటర్లను కలిసి, వీడియోలు తీసి, కొందరికైనా పని అనుమతి సాధించుకున్నారు. దాన్ని రద్దు చేయాలని వేసిన కేసును 2024 ఆగస్టులో డీసీ సర్క్యూట్ అప్పీలు కోర్టు కొట్టేసింది. మగవాళ్లు బెంచ్ మీద గప్‌చుప్‌గా కూర్చున్న ఇళ్లలోంచే ఈ ఆడవాళ్లు బయటికొచ్చి అడిగారు.

2025 సంగతులు మీరు టీవీలో చూసినవే. 2025 జనవరి 20న, తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లకు పుట్టిన పిల్లలకు పౌరసత్వం లేదని ఉత్తర్వు వచ్చింది. కింది కోర్టులు అమలును నిలిపేశాయి. హెచ్-1బి దంపతులు గుండె చిక్కబట్టుకుని తలుచుకున్న తీర్పు 1898 నాటిది. శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ అనే వంటవాడు చైనా వెళ్లి తిరిగివస్తే ఓడ దిగనివ్వలేదు. ఇక్కడ పుట్టాను, ఇక్కడివాణ్నే అని సుప్రీంకోర్టు దాకా వెళ్లి గెలిచాడు. వెనక ఉన్నది చైనావాళ్లు చందాలు వేసుకుని నడిపిన సంఘం. మన మనవల, మనవరాళ్ల పాస్‌పోర్టులు ఆ వంటవాడి చలవ. ఏప్రిల్‌లో వేలమంది విద్యార్థుల రికార్డులు ఒక్కసారిగా తీసేస్తే, ఎక్కడికక్కడ పిల్లలు కోర్టుకెక్కారు. ఆ నెల 25న ప్రభుత్వం వెనక్కి తగ్గి రికార్డులు తిరిగి ఇచ్చింది. సెప్టెంబరు 19న కొత్త హెచ్-1బికి లక్ష డాలర్లు అన్నారు. అమెరికా ఉపాధ్యక్షుడి ఇల్లాలు చిలుకూరి వారి ఆడపడుచు అని మనం పొంగిపోయిన ఏడాదే ఇదంతా జరిగింది.

లాయర్లు ఫీజు తీసుకుని చెప్పేవి కొన్ని ఊరికే చెబుతాను, రాసుకోండి. హెచ్-1బి ఉద్యోగి బెంచ్ మీద ఉన్నా జీతం ఇచ్చి తీరాలి, 1998 చట్టం అది. హెచ్-1బి దరఖాస్తులో యజమాని కట్టాల్సిన శిక్షణ రుసుము ఉద్యోగి దగ్గర వసూలు చేయకూడదు. ఉద్యోగం పోతే దేశం విడవడానికి లేదా ఇంకో యజమానిని వెతుక్కోవడానికి 60 రోజుల దాకా గడువుంటుంది. జీతం ఎగ్గొట్టాడని కార్మిక శాఖలోని వేతన విభాగానికి ఫిర్యాదు చేస్తే, దానికి కక్షగా యజమాని పనిలోంచి తీసేయడం చట్టవిరుద్ధం. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టమంటే పెట్టొద్దు. మీ పిల్లలకు ఫోన్ చేసినప్పుడు ఎంత పంపుతావని కాక, పే స్లిప్ వస్తోందా అని అడగండి.

చివరిగా ఇంటి సంగతి. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన కూలీలు పనిచేస్తున్నారు. మన కూలీలు హైదరాబాదు అపార్ట్‌మెంట్లు కడుతున్నారు. మన దేశంలోనూ వలసవాడికి ఒక చట్టం వచ్చింది, 1979లో. ఒడిశా నుంచి దాదన్ కూలీలను తోలుకుపోయే పద్ధతి మీద గొడవ జరిగితే వచ్చింది. ఐదుగురిని గానీ అంతకు మించి గానీ వేరే రాష్ట్రానికి తీసుకెళ్లే కాంట్రాక్టరు లైసెన్సు తీసుకోవాలి, రానుపోను ఖర్చులివ్వాలి, నెల జీతంలో సగం స్థానభ్రంశ భత్యంగా ముందే చేతిలో పెట్టాలి, తిరిగి వసూలు చేయకూడదు అని అందులో ఉండేది. 2025 నవంబరు 21న కొత్త కార్మిక స్మృతి అమల్లోకి వచ్చేదాకా, నలభై ఏళ్లకు పైగా, ఆ చట్టం బతికే ఉంది. ఈ సభలో బెంగళూరు పనికి వెళ్లొచ్చినవాళ్లు చాలామంది కనిపిస్తున్నారు. ఆ భత్యం మీలో ఎవరికైనా, ఎప్పుడైనా, ఏ మేస్త్రీ అయినా ఇచ్చాడా? ఇచ్చి ఉంటే లేచి చెప్పండి. ఇవ్వకపోతే ఎంత రావాల్సి ఉండిందో, మీ కూలి లెక్క చెబితే ఇక్కడే బోర్డుమీద వేద్దాం.